ట్యూబు లేని చక్రం గురించి చిన్నాయనకు

కోవెంట్రీ

గౌరవనీయులైన చిన్నాయనకు నమస్కారాలు.

ముక్కలు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించిన చక్రంలో ట్యూబు లేకుండా గాలి ఎట్లా నిలుస్తుందని ఫోనులో అడిగారు. మిర్యాలగూడ రైసుమిల్లులకు లేత్ మీద షాఫ్టులు, పుల్లీలు తిప్పే మీకు ఈ సంగతి వివరంగా రాయడమే మేలనిపించింది.

ఇక్కడి విద్యార్థులు ఫార్ములా స్టూడెంట్ పోటీ కోసం చేస్తున్న చిన్న రేసుకారుకు 10 అంగుళాల చక్రాలు కావాలి. లోపలి, బయటి రిమ్ములు అల్యూమినియం రేకును తిప్పుతూ ఒత్తి చేసినవి; నడిమి బిళ్ల 6061-టి6 అనే అల్యూమినియం మిశ్రమలోహపు దిమ్మె నుంచి కోసినది. టి6 అంటే కాల్చి, చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో ఉంచి తెచ్చిన బలం గనుక, వెల్డింగు చేస్తే అతుకు చుట్టూ అది బాగా తగ్గిపోతుంది. అందుకే బోల్టులు.

అసలు కష్టమంతా రిమ్మును పట్టడంలోనే ఉంది. పలుచని రిమ్మును మూడు దవడల చక్‌లో గట్టిగా బిగిస్తే లేత్ మీద గుండ్రంగానే తెగుతుంది గాని, విప్పగానే మూడు చోట్ల వంకర తేలుతుంది. కాబట్టి ఫేస్‌ప్లేటుకు, అంటే లేత్ మీద తిరిగే చదునైన పళ్లేనికి, బోల్టులతో బిగించి, అతుకు ముఖాన్నీ బిళ్ల కూర్చునే మెట్టునూ ఒకే సెట్టింగులో తిప్పాలి. కొలత లోహం చల్లారాకనే తీయాలి. 250 మిల్లీమీటర్ల అల్యూమినియం 20 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో పదోవంతుకు పైగా పెరుగుతుంది. మన ఎండాకాలపు షెడ్డులో ఇది మరీ ముఖ్యం.

గాలి కారకుండా కొందరు అతుకు ముఖాల నడుమ సిలికాన్ జిగురు పూసి బిగిస్తారు. నాకది నచ్చదు, ఎందుకంటే ఆ మెత్తని పొర అణగిన కొద్దీ బోల్టు బిగువు సడలుతుంది. లోహానికి లోహం ఆనేటట్టు ఎదురెదురు బోల్టులను వరుసగా బిగించి, డయల్ గేజ్‌తో వంకర చూసుకొని, ఆ తరువాతే టైరు లోపలికి వచ్చే అతుకు గీతను అసిటోన్‌తో తుడిచి, దాని మీద సిలికాన్ వేసి వేలితో నునుపు చేయాలి. వెనిగర్ వాసన వచ్చే రకం అల్యూమినియాన్ని తినేస్తుంది, అది వద్దు. గాలిలోని చెమ్మతోనే సిలికాన్ గట్టిపడుతుంది గనుక ఒక రోజైనా వదిలేయాలి.

మాటిమాటికీ విప్పే చక్రానికి సిలికాన్ కన్నా ఓ-రింగే, అంటే గాడిలో కూర్చునే గుండ్రని రబ్బరు రింగే, నయం. రింగు మందంలో సుమారు నాలుగో వంతు అణగేటట్టు గాడి తీసి, అంచున బర్, అంటే కోతలో మిగిలే పదునైన పొరక, లేకుండా చూడాలి. లేకపోతే రింగు తెగుతుంది.

చివరకు పంక్చరు షాపులో లాగానే నీళ్ల తొట్టిలో ముంచి చూస్తాము. బుడగలు బోల్టు రంధ్రం దగ్గర వచ్చినా, సాధారణంగా లోపం అతుకులోనే ఉంటుంది. మీ షాపులో ఎప్పుడైనా ఇటువంటిది చేయదలిస్తే, గాలి పూర్తిగా దించకుండా ఆ బోల్టులను ముట్టకూడదని పిల్లలకు ముందే చెప్పండి. లారీ చక్రం రింగు ఎగిరితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు.

చిన్నమ్మకు నా నమస్కారాలు.

మీ అన్న కొడుకు