కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్లలో ఏ కాగితం చుడుతున్నారు?

సంపాదకుల వారికి నమస్కారం.

ఎండలు ముదిరాయంటే మా అనంతపురం జిల్లాలో పొలాల ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడం మామూలే, రైతులు తలా కొంత వేసుకుని దాన్ని ట్రాక్టర్లో రిపేరు షెడ్డుకు మోసుకెళ్లడమూ మామూలే. ఈలోగా తడి లేక చీనీ (బత్తాయి) పిందె రాలిపోతే తర్వాత కరెంటొచ్చి ఏం లాభం? అడిగితే ఓవర్‌లోడ్ అంటారు. అనుమతి లేని మోటార్లున్న మాట నిజమే, కాదనను. కానీ ఆ డబ్బా లోపల తీగకూ తీగకూ మధ్య కరెంటు దూకకుండా ఏ కాగితం చుడుతున్నారో ఎవరూ మాట్లాడరు.

మామూలుగా వాడేది చెక్కగుజ్జుతో చేసిన క్రాఫ్ట్ కాగితం. నూనెలో నానబెట్టినా దాని వేడి తరగతి, అంటే ఎక్కువకాలం తట్టుకోగల వేడి, 105 డిగ్రీలే. వైండింగ్‌లో (చుట్టిన తీగలో) అన్నిటికంటే వేడెక్కే చోట ఇంకో ఆరేడు డిగ్రీలు పెరిగితే కాగితం ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్ల లెక్క. షెడ్డులో కాయిల్ విప్పినప్పుడు చూడండి, నల్లగా మాడిపోయి వేలు తగిలితే పొడిపొడిగా రాలుతుంది.

అరామిడ్ అనే కృత్రిమ పోగుతో చేసిన కాగితం తరగతి 220. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ల కెవ్లార్‌కు దగ్గరి చుట్టం, 1960ల నుంచీ ఉన్నదే, రైలింజన్ల ట్రాన్స్‌ఫార్మర్లలో వాడుతున్నారు. ఖరీదు బాగా ఎక్కువ. అందుకే అంతా అదే వాడమనడం లేదు. తీగను ఆనుకుని ఉండేచోట అరామిడ్, మిగతాచోట మామూలు అట్ట, ఈ మిశ్రమ పద్ధతి కూడా పరిశ్రమకు కొత్తేమీ కాదు. దీంతో లోడు తగ్గదు, నూనె పాడవడమూ ఆగదు, కాకపోతే కాగితం అంత త్వరగా మాడిపోదు.

ఈ కాగితానికీ ఒక లోపముంది. పోగు మరీ నున్నగా ఉండి రెజిన్ (జిగురులాంటి పదార్థం) సరిగా పట్టదు, కాగితంలో పోగుల మధ్య సందులు మిగులుతాయి. దీనికి దారి చూపే పని ఒకటి జరిగింది. 2011లో అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో నికొలస్ కోటోవ్ బృందం కెవ్లార్‌ను డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావకంలో వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి, దాదాపు వారం పాటు కలియబెడితే ముదురు ఎరుపు ద్రవమైంది. అందులో తేలేవి 3 నుంచి 30 నానోమీటర్ల మందమున్న పోగులు. వాటిని వడకట్టి ఆరబెడితే సందుల్లేని పల్చటి కాగితం, ఎపాక్సీ అనే రెజిన్‌లో కలిపితే గట్టి మిశ్రమ పదార్థం (కాంపోజిట్). ఈ సన్నటి పోగులకు అభ్రకం రేకులు కలిపిన కాగితం అధిక వోల్టేజీని ఇంకా బాగా తట్టుకుంటుందట (అభ్రకానికి మన గూడూరు పేరుమోసిందే కదా). వారం పట్టే పనిని గంటల్లోకి తెచ్చే పద్ధతులూ వచ్చాయి. వాడిన ద్రావకాన్ని తిరిగి రాబట్టడం, ఖర్చు తగ్గించడం, పెద్ద ఎత్తున చేయడం, అసలు కష్టమంతా అక్కడుంది. రేపే మా పొలానికి వస్తుందని ఆశపడటం లేదు. కానీ 1946 నాటి ఇంజినీరింగ్ కాలేజీ ఉన్న అనంతపురం మనది, కాలిపోయిన కాయిళ్లు కళ్లముందే గుట్టలుగా ఉన్నాయి, పిల్లల ప్రాజెక్టుకు ఇంతకంటే పనికొచ్చే విషయం ఏముంటుంది?

అధికారులను అడిగేది ఇదీ. రిపేరు టెండర్లో కాగితం రకం, మందం రాయండి, ట్రాన్స్‌ఫార్మర్ తిరిగి ఇచ్చేటప్పుడు రైతు చేతికిచ్చే చీటీ మీద కూడా రాయండి. ఏటా కాలిపోయేవి ఏవో మా లైన్‌మన్‌ను నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. వాటిలో కొన్నింటికి వచ్చే వేసవిలోపు అరామిడ్ చుట్టించి, అదే ఫీడర్ మీద మామూలువి కొన్ని ఉంచి, ఏవి ఎన్నాళ్లు నిలిచాయో ఆ లెక్క పేపర్లో వేయండి.

ఇట్లు,
ఒక చీనీ రైతు,
గార్లదిన్నె మండలం, అనంతపురం జిల్లా