నీలం తలుపు

హైదరాబాద్
ఆదివారం

చిన్నా,

బాగున్నావా? నీ గొంతు విని మూడు ఆదివారాలైంది. "బిజీ అమ్మా" అని మెసేజ్ పెట్టావు, పక్కన చేతులు జోడించిన బొమ్మ ఒకటి. సరే, నేనేమీ అడగను.

నిన్న మోండా మార్కెట్‌కి వెళ్లి ఆవకాయకి కాయలు కొట్టించుకొచ్చాను. టెంక లేని ముక్క ఒక్కటి కూడా రాకుండా పక్కనే నిలబడ్డాను. ఉప్పు ఎక్కువైందని మీ నాన్న అప్పుడే తీర్పిచ్చేశారు. మూడో రోజు తిరగ కలిపితే కదా తెలిసేది!

మొన్న ఉమత్త వచ్చింది. నువ్వు పాత ఉద్యోగం మానేసి ఎలక్షన్ ప్రచారాలు చేసిపెట్టే కంపెనీలో చేరావట. ఫోన్లలో తిరిగే వీడియోలు, ఫొటోలు తయారుచేసే పనట. ఏ పార్టీకని అడిగితే "వాళ్లకి ఏ పార్టీ అయినా ఒకటే వదినా, డబ్బిచ్చినవాళ్లది" అంది. ఉమత్త మాట సగానికి సగం తగ్గించి వినాలి, అలాగే విన్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఎండలు అలా ఉన్నాయి మరి.

2020 అక్టోబరు వానలు గుర్తున్నాయా? బీరువా కింద ఇటుకలు పెట్టింది నువ్వే. నాలుగో సందులో ఉండే ఆవిడ మోకాలి లోతు నీళ్లలో నడిచొచ్చి పులిహోర పొట్లాలు ఇచ్చింది. నువ్వు రెండు తిన్నావు. డిసెంబరు 1న జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఆవిడ కార్పొరేటర్‌గా నిలబడింది. పోలింగ్‌కి రెండు రోజుల ముందు కాలనీ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. గది నిండా బియ్యం బస్తాలు. 'వరద సాయం ఎవరింట్లో దాక్కుందో చూడండి' అని కింద ఆవిడ పేరు. బస్తాల వెనక నీలం తలుపు.

చిన్నా, నేను ఆవిడింటికి పేరంటానికి వెళ్లినదాన్ని. ఆ ఇంట్లో నీలం తలుపు లేదు. అన్నీ వార్నిష్ వేసిన టేకు తలుపులే. ఫొటో చూడగానే నాకది తెలుసు. తెలిసే, మా రిటైర్డ్ టీచర్ల గ్రూపుకి పంపాను. ఎందుకు పంపానంటే ఇప్పటికీ చెప్పలేను. మధ్యాహ్నం ఏమీ తోచలేదు, అంతే. "అయ్యో, నిజమా!" అంటూ పదకొండు మంది జవాబిచ్చారు. నేను శుభోదయం పెడితే ఇద్దరు కూడా పలకని గ్రూపు అది.

కరోనా అని ఆ ఏడు మళ్లీ కాగితం బ్యాలెట్ తెచ్చారు. స్వస్తిక్ ముద్ర చేత్తో పట్టుకుని ఆవిడ గుర్తు దగ్గర కాసేపు ఆగాను. ఎక్కడ వేశానో నీకు చెప్పను. ఊళ్లో సగం మంది అసలు బూత్‌కే రాలేదు. ఆవిడ ఓడిపోయింది. ఫొటో ఇంకెక్కడిదో అని తర్వాత తేలింది, అప్పటికి ఎవరికి కావాలి? వారం తర్వాత కిరాణా కొట్టు దగ్గర ఆవిడే పలకరించింది, "టీచరమ్మా, మీ గోడల చెమ్మ ఆరిందా?" అని. ఏం కొనడానికి వెళ్లానో మర్చిపోయి ఉత్త సంచితో ఇంటికొచ్చాను.

పాఠం చెప్పకూడదనే కూర్చున్నాను కానీ, టీచరు నోరు ఊరుకోదు. అసెంబ్లీకి, పార్లమెంటుకి 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఉంది. అభ్యర్థి నడవడి మీద తెలిసీ అబద్ధం ప్రచారం చేయడం తప్పని 123వ సెక్షన్, అలా గెలిస్తే ఆ ఎన్నికను కొట్టేయొచ్చు. కానీ 45 రోజుల్లోపు హైకోర్టులో పిటిషన్ వెయ్యాలి, నిరూపించాలి. ఓడి, అప్పుల్లో ఉన్న మనిషికి ఆ ఓపికెక్కడిది? మేనిఫెస్టో హామీలైతే ఆ సెక్షన్ కిందికే రావని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ లెక్క మనమే చూసుకోవాలి.

మీ నానమ్మ చూసేది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం అన్నారు, వేసింది, బియ్యం వచ్చాయి. 1994లో మద్యనిషేధం అన్నారు, వేసింది, వచ్చింది. 1997లో ఎత్తేశారు. తర్వాతి ఎన్నికలకి ఓటడగ వచ్చినవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "ముందు ఆ సంగతి చెప్పండి నాయనా" అంది. నీళ్లు తాగి లేచి వెళ్లిపోయారు. మేమో? "అందరూ అబద్ధాలే చెబుతారులే" అని నవ్వుకుంటూ, బాగా చెప్పినవాడికే వేసొస్తాం. మా ఆ నవ్వు చూసే కదా నీలం తలుపు ఫొటోలు చేసేవాళ్లకి జీతాలిస్తారు!

నువ్వు అలాంటి పని చేస్తున్నావని నేననలేదు. ఉమత్త అంది. ఇంటి లోన్ టెన్షన్ పెట్టుకుని ఎక్కువ జీతమని వెళ్లావేమో అని ఒక్కటే అనుమానం. పై గది రిపేరు ఇంకో రెండేళ్లు ఆగినా ఫర్వాలేదు. బకెట్ పెట్టుకుంటున్నాం, అలవాటైపోయింది.

ఆవకాయ సీసా శుక్రవారం బస్సులో వేస్తాను. ముక్కల పైన నూనె తేలుతూ ఉండాలి, తగ్గితే ఇంకాస్త నువ్వుల నూనె పొయ్యి. తడి చెంచా పెట్టావంటే ఊరుకోను. రాత్రిళ్లు బయట తిండి తగ్గించు, నీ కడుపు సంగతి నాకు తెలుసు.

ఆదివారం ఫోన్ చెయ్యి. వీడియో అక్కర్లేదు, మామూలు కాల్ చాలు. అబద్ధం చెప్పే ముందు గొంతు సవరించుకోవడం నీకు మూడో తరగతి నుంచీ ఉంది.

అమ్మ