పదికి పది వేసిన ఆ అమ్మమ్మకి

నిన్న సాయంత్రం పాప బయాప్సీ రిపోర్టు వచ్చింది. గ్రాన్యులోమా యాన్యులేర్ అట, చర్మం మీద ఉంగరంలా మచ్చలొచ్చే జబ్బు. కేన్సర్ కాదు, కుష్టు కాదు, అంటుకునేది అసలే కాదు. రాత్రంతా నిద్ర పట్టలేదు, ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయలేనేమో అని కూర్చున్నాను.

పాపకి ఆరేళ్లు. ఎనిమిది నెలల కింద కుడి అరచేతిలో చొక్కా గుండీ అంత మచ్చ వచ్చింది. చుట్టూ అంచు ఉబ్బి, మధ్యలో మామూలు చర్మం, అచ్చం సున్నా చుట్టినట్టు. తర్వాత చెవి మీద ఒకటి, మోచేతి దగ్గర ఒకటి. ఇది ఎక్కువగా చేతుల వెనక, పాదాల పైన వస్తుందట. అరచేతిలో, చెవి మీద అరుదు. చూసిన ప్రతివాళ్లూ తామర అనేశారు, తామర మందులే రాస్తూ వచ్చాం. ఈలోగా క్లాసులో పాప పక్కన ఎవరినీ కూర్చోనివ్వలేదు. అది పిడికిలి బిగించుకుని తిరగడం నేర్చుకుంది, అన్నం కూడా ఎడమ చేత్తో తింటానని ఏడ్చేది.

బయాప్సీ రోజున బెంచీ మీద మా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. పాప పిడికిలి చూసి "ఏం దాచావే తల్లీ?" అన్నారు. నేను కంగారుగా, అంటుకుంటుందో లేదో ఇంకా తెలీదండీ అని చెప్పాను. ఆవిడ విననట్టే ఒక్కో వేలూ మెల్లగా విప్పి, ఆ మచ్చ చుట్టూ బొటనవేలు తిప్పి, "ఒట్టి సున్నా ఉంటే ఎలా?" అంటూ దాని ముందు వేలితో ఒక గీత గీశారు. "ఇప్పుడు పది. నీకు పదికి పది." పాప నవ్వింది. నెలల తర్వాత దాని చెయ్యి ఒకరు అలా పట్టుకున్నారు. నేను లేచి గోడవైపు తిరిగి ఏడ్చేశాను. ఈలోపు మమ్మల్ని లోపలికి పిలిచారు, బయటికొచ్చేసరికి ఆవిడ లేరు. పేరైనా అడగలేదు.

ఒక్క మాట అనకుండా ఉండలేకపోతున్నాను. తామరకైతే సాధారణంగా అంచున పొట్టు రేగుతుంది, దురద ఉంటుంది. పాపకి ఆ రెండూ లేవు. కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ ఉందో లేదో తేలేది. ఇన్ని నెలల్లో ఇంతమంది దగ్గరికి తిరిగితే ఆ చిన్న పరీక్ష ఒక్కరూ రాయలేదు, పిల్ల వైపు తలెత్తి చూడకుండానే చీటీ రాసిచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఆ రిపోర్టులో ఏముందో మామూలు మాటల్లో చెప్పించుకోవడానికి మూడు గదులు తిరిగాను.

చివరికి చెప్పింది ఒక జూనియర్ డాక్టరమ్మ. చాలామందిలో రెండేళ్లలోపు దానంతట అదే పోతుందట, మచ్చ కూడా మిగలదట, మళ్లీ వచ్చినా భయం లేదన్నారు. ఆవిడకి చాలా థాంక్స్.

మా ఆయన, అమ్మ, అత్తయ్య ఎలాగూ ఉన్నారు.

అయ్యో, మర్చిపోయాను, కుట్టు వేసేటప్పుడు పాపకి అంకెలు లెక్కపెట్టించిన నర్సు గారికి, రిపోర్టు రాగానే ఫోన్ చేసిన ల్యాబ్ అబ్బాయికి, నా పని కూడా తను చేసిపెట్టిన ఆఫీసు ఫ్రెండ్‌కి కూడా. ఇంకా ఎవరినైనా వదిలేస్తే ఏమీ అనుకోకండి, బుర్ర పనిచెయ్యడం లేదు.

అమ్మమ్మ గారూ, ఇది మీదాకా వస్తుందో లేదో. పాప రోజూ పొద్దున్నే పెన్ను తెచ్చి అరచేతిలో ఆ ఒకటి గీయించుకుంటోంది. ఇవాళ చెవి మీద మచ్చ పక్కన కూడా గీయమంది.