మొన్న ప్రింటర్ పాడైందని చెప్పాను, అది నిజం కాదు

నమస్కారం.

మొన్న మా ప్రింటింగ్ షాపుకి ఆర్డర్ల కోసం ఫోన్ చేసిన వాళ్లందరికీ "ప్రింటర్ రిపేర్‌లో ఉందండీ, మధ్యాహ్నానికి అయిపోతుంది" అని చెప్పాను. ప్రింటర్‌కి ఏమీ కాలేదు. కంప్యూటర్లో సెట్టింగ్ పాడుచేసింది నేనే. మొదట్లో కావాలని అబద్ధమాడలేదు, నేనూ అదే నమ్మాను. కానీ పదకొండు గంటలకి అసలు సంగతి తెలిశాక కూడా, ఏం చెప్పాలో తోచక ఇంకో నలుగురికి అదే మాట చెప్పాను. అది సరైన పని కాదు, అందుకే ఇది రాస్తున్నాను.

మీ ఫైళ్లు వచ్చే మా కంప్యూటర్ విండోస్ మీద కాదు, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. అందులో కప్స్ అనే సర్వీసు ఉంటుంది. మీ ఫైలు తీసుకుని, వరుసలో పెట్టి, ప్రింటర్‌కి అర్థమయ్యేలా మార్చి పంపేది అదే. 1999 నుంచి వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్, ఊరికే మొరాయించే రకం కాదు. ముందురోజు సాయంత్రం, రెండో కంప్యూటర్ నుంచి కూడా ప్రింట్లు ఇవ్వొచ్చు కదా అని దాని సెట్టింగుల ఫైలు తెరిచి నాలుగు లైన్లు మార్చాను. అప్పుడు ఎవరిదో ప్రాజెక్టు రిపోర్టు ప్రింట్ అవుతోంది. మధ్యలో ఆపడం ఎందుకని సర్వీసును రీస్టార్ట్ చేయలేదు, తర్వాత చేద్దాంలే అనుకుని మర్చిపోయాను. రాత్రి కరెంటు పోయింది. పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే కప్స్ ఆ మార్చిన ఫైలును మొదటిసారి చదివింది, తప్పు కనిపించింది, అక్కడే ఆగిపోయింది. నేనేమో కరెంటు దెబ్బకి ప్రింటరే పోయిందని ఖాయం చేసుకున్నాను.

కేబుల్ మార్చాను. ప్రింటర్‌ని మూడుసార్లు ఆపి, మళ్లీ ఆన్ చేశాను. దాని బటన్ నొక్కి టెస్ట్ పేజీ తీస్తే శుభ్రంగా వచ్చింది. బుద్ధి ఉంటే అక్కడే అర్థం కావాలి, మెషిన్ బాగానే ఉందని! ప్రింటర్‌ని సిస్టమ్‌లోంచి తీసేసి మళ్లీ చేర్చబోతే అదీ కుదరలేదు. బ్రౌజర్‌లో 631 పోర్టు నంబరుతో తెరుచుకోవాల్సిన కప్స్ పేజీ కూడా రాలేదు. చివరికి కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో 'ఎల్‌పీస్టాట్ -ఆర్' కొట్టాను. షెడ్యూలర్, అంటే కప్స్ సర్వీసే, నడవడం లేదని ఒక్క ముక్కలో చెప్పేసింది. పొద్దున రాగానే చేయాల్సిన పని అది.

ఆ తర్వాత చేసింది ఇంకా తెలివితక్కువ పని. టెన్షన్‌లో రీస్టార్ట్ కమాండ్‌ని వరసపెట్టి కొట్టాను. పది సెకన్లలో ఐదుసార్లు మొదలుపెట్టే ప్రయత్నం జరిగితే, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఇక ఒప్పుకోదు, మామూలుగా దాని హద్దు అంతే. అప్పటినుంచి 'మరీ త్వరత్వరగా మొదలుపెడుతున్నారు' అనే ఎర్రర్ వస్తుంది. నేను ఆ ఎర్రర్ పట్టుకుని కూర్చున్నాను. అది రోగం కాదు, నా తొందర వల్ల వచ్చిన ఎర్రర్. 'జర్నల్‌సీటీఎల్ -యూ కప్స్' కొట్టి, అది చూపించిన కప్స్ లాగ్‌లో పైకి వెళ్లి చూస్తే, మొట్టమొదటి ఎర్రర్ సెట్టింగుల ఫైలు గురించే.

'కప్స్‌డీ -టీ' అని ఒక పరీక్ష ఉంది. సర్వీసును నడపకుండానే ఫైల్లో తప్పులుంటే చెబుతుంది. అది చూపించిన లైన్లో మాత్రం ఏ తప్పూ లేదు. పావుగంట ఆ లైన్‌నే చూశాను. అసలు తప్పు దానికి పైన ఉంది: ఫైల్లో లొకేషన్ అనే బ్లాకు (కొన్ని సెట్టింగుల గుంపు) మొదలైందని రాశాను, అయిపోయిందని రాసే లైను పెట్టలేదు. ఒక్క లైను! అది చేర్చి, సిస్టమ్‌డీ పెట్టిన ఆ అడ్డు తీసేసే 'రీసెట్-ఫెయిల్డ్' ఇచ్చి, సర్వీసుతో పాటు ఆగిపోయిన కప్స్ సాకెట్‌ని (ప్రింట్లు అందుకునే దారిని) కూడా మొదలుపెడితే లేచింది.

లేచాక ఇంకో చిక్కు. ముందురోజు రాత్రి ప్రింటర్ ఆపి వెళ్లేటప్పటికి వరుసలో ఏడు జాబ్‌లు ఉన్నాయి. కరెంటు పోయినా అవి డిస్క్‌లో భద్రంగానే ఉన్నాయి. పొద్దున అర్జంటుగా కావాలన్న వాళ్లకి అవే ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో నేరుగా ప్రింటర్‌లో పెట్టి తీసిచ్చాను. సర్వీసు లేవగానే ఏడూ మళ్లీ ప్రింట్ అయ్యాయి. కొన్ని హడావుడిలో కవర్లలోకి కూడా వెళ్లిపోయాయి. రెండు సెట్లు అందినవాళ్లు రెండోదానికి డబ్బులు ఇవ్వక్కర్లేదు. నా దగ్గర మిగిలినవాటిలో సర్టిఫికెట్ల కాపీలు ఉన్నాయి కాబట్టి అన్నీ ముక్కలు చేసేశాను.

ఈ గొడవలో నేనెప్పుడూ పట్టించుకోని సంగతి ఒకటి బయటపడింది. ప్రింట్ అయిపోయిన ఫైలును కూడా కప్స్ మామూలుగా 86,400 సెకన్లు, అంటే ఒక రోజు, తన దగ్గర ఉంచుకుంటుంది. మళ్లీ ప్రింట్ కావాలంటే పనికొస్తుందని. మీరు పంపేవాటిలో గుర్తింపు కార్డులు, బ్యాంకు కాగితాలు ఉంటాయి. అందుకని ఆ సెట్టింగ్‌ని 'నో' చేశాను. ఇకమీదట జాబ్ పూర్తవగానే అక్కడి కాపీ పోతుంది. దీనివల్ల మీకు ఒక ఇబ్బంది ఉంది: "నిన్నటిదే ఇంకో కాపీ" అంటే ఫైలు మళ్లీ పంపాలి. కొందరు విసుక్కుంటారని తెలుసు, అయినా ఇలాగే ఉంచుతాను.

సెట్టింగుల ఫైలు ముట్టుకునే ముందు పాతదాని కాపీ తీసి పెట్టుకుంటున్నాను. మార్చాక ఆ పరీక్ష నడిపి, అప్పటికప్పుడే రీస్టార్ట్ చేసి, ఒక పేజీ ప్రింట్ వచ్చాకే లేస్తున్నాను. రెండో కంప్యూటర్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టాను, రద్దీ లేని రోజు చూసి చేస్తాను.

మొన్నటి ఆర్డర్లలో బైండింగ్‌వి రెండు ఇంకా మిగిలాయి. రేపు పొద్దున మొదట అవే చేస్తాను. అవి ఎవరివో వాళ్లకి ఇప్పటికే ఫోన్ చేసి, ఆలస్యం ఎందుకైందో ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను.