బియ్యంలో వేలు కదిలిన చప్పుడు: ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం, జనవరి 2026

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

నిన్న శ్రీపంచమికి మన బడిలో జరిగిన సామూహిక అక్షరాభ్యాసం గురించి రాత్రి నుంచీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాటలు. బియ్యం పళ్లెం బోర్లాపడిన వీడియో నాకూ చాలామంది పంపారు. అందుకే నెలాఖరుకి రాయాల్సిన ఉత్తరం ఈరోజే రాస్తున్నాను.

జరిగింది ఇది. వరండాలో 36 మంది పిల్లలు అమ్మానాన్నల ఒళ్లో వరసగా కూర్చున్నారు. గణపతి పూజ, సరస్వతీ పూజ అయ్యి, పంతులుగారు సంకల్పంలో ఒక్కొక్కరి గోత్రం, పేరు చెబుతుండగా వెనకనుంచి "ఇటు చూడమ్మా", "నవ్వు నాన్నా" అంటూ కేకలు మొదలయ్యాయి. పిల్లలు పళ్లెం వదిలేసి ఫోన్ల వైపు తిరిగారు. పంతులుగారు రెండుసార్లు మంత్రం ఆపి కూర్చున్నారు. అంతలో ముందుకు తోసుకొచ్చిన ఒకాయన కాలు తగిలి పళ్లెం తిరగబడింది. ఆ పాప ఏడుపు అందుకుంది, ఆమెను చూసి పక్కన ఇంకో ముగ్గురు. భీమిలి నుంచి వచ్చిన ఒక నాయనమ్మగారు లేచి, "ఊరుకోండర్రా, పిల్లలకి అక్షరం పెడతన్నారు" అంటే తప్ప సద్దుమణగలేదు. ఆ మాట మైకులో ముందే చెప్పాల్సింది నేను. చెప్పనందుకు ఆ నలుగురి ఇళ్లకీ నిన్న సాయంత్రమే ఫోన్ చేసి క్షమించమని అడిగాను.

"మా పిల్లాడి అక్షరాభ్యాసం మేం వీడియో తీసుకోకూడదా?" అని కొందరు రాశారు. దాచుకోవాలని ఎవరికుండదు? కానీ అక్షయ తృతీయ నాడు సింహాద్రి అప్పన్న నిజరూపం కోసం గంటల తరబడి క్యూలో నిలబడతాం కదా. చందనం లేని ఆ రూపం కనబడేది ఏడాదిలో ఆ ఒక్కరోజే. గర్భగుడి ముందు ఫోను తీసి ఫోటో పట్టుకోవాలని ఎవరమూ అనుకోం. ఇంటికొచ్చాక ఆ దర్శనం గురించి చెప్పుకోవడానికి మనకి ఫోటో అవసరం పడదు. అక్షరాభ్యాసం కూడా పిల్లకి ఒక్కసారే.

నేను ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఓనమాలు అన్న మాట పుట్టిందే వినడంలోంచి. "ఓం నమః శివాయ సిద్ధం నమః" అని పెద్దవాళ్లు అంటుంటే, పిల్లలు తిరిగి అంటూ దిద్దారు గనుక అవి ఓనమాలయ్యాయి. ముందు చెవి, తర్వాత నోరు, ఆ తర్వాతే చెయ్యి. మా చిన్నప్పుడు మార్కాపురం రాతి పలక మీద అమ్మ పెద్దగా 'అ' రాసి ఇచ్చేది. దానిమీదే బలపంతో దిద్దగా దిద్దగా గీత లావెక్కి, అక్షరం పలకంతా నిండిపోయేది. దిద్దుతున్నంతసేపూ 'అ' అని పైకి అనాల్సిందే. వేలికి గరుకు తెలియాలి, చెవికి పేరు తెలియాలి. ఫోను తెర మీద వేలు జారిపోతుంది, ఏ గరుకూ తగలదు. అందుకే ఎవరేమన్నా మన బడిలో ఒకటో తరగతి దాకా పలకా బలపమే ఉంచాను, ఉంచుతాను. పళ్లెంలో పరిచిన పసుపు బియ్యంలో పిల్ల వేలు పట్టుకుని 'ఓ' రాయిస్తే సన్నగా ఒక చప్పుడు వస్తుంది. ఎప్పుడైనా విన్నారా? చుట్టూ నిశ్శబ్దంగా ఉంటేనే వినబడుతుంది. ఏటా ఆ చప్పుడు కోసమే నేను వరండాలో నిలబడతాను. నిన్న ఒక్కసారి కూడా వినబడలేదు.

మన పిల్లల గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పళ్లెం పడగానే ఏడో తరగతి అమ్మాయి ఒకతె, ఎవరూ చెప్పకుండానే, మోకాళ్ల మీద కూర్చుని గింజ గింజా ఏరింది. ఇంకో పళ్లెంలో కొత్త బియ్యం తెచ్చి పెట్టి, ఏడుస్తున్న పాప అరచేతిలో వేలితో 'ఓ' రాసి చూపించింది. పాప ఏడుపు ఆపేసింది. చెప్పుల దగ్గర కాపలా ఉన్న ఎనిమిదో తరగతి అబ్బాయి ఇంట్లో ఈ పూజ ఉండదు. అయినా గంటన్నర సేపు ఎవరు పలకరించినా పెదవి కదపలేదు. ఎందుకని అడిగితే, "మా చర్చిలో ప్రార్థనప్పుడు కూడా ఇలాగే ఉంటాం మేడమ్" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి.

ఇంటి సంగతి కూడా ఒక మాట, మీ మీద గౌరవంతోనే. వీడియో పెడితే తప్ప ముద్ద దిగని పిల్లలు నర్సరీలో చాలామందే ఉన్నారు. కథ చెబుతుంటే రెండు నిమిషాలు కూర్చోలేకపోతున్నారని టీచర్లు వాపోతున్నారు. పొద్దున ప్రేయర్ జరుగుతుండగా గేటు దగ్గర హారన్ కొట్టవద్దని జూన్ నుంచి ఇది నాలుగోసారి రాయడం. దయచేసి అయిదోసారి రాయనివ్వకండి.

పదో తరగతి ప్రీఫైనల్ టైంటేబుల్ డైరీలో అంటించాం, సంతకం పెట్టి పంపండి. రేపు రథసప్తమికి అరసవల్లి వెళ్లేవాళ్లు సోమవారానికల్లా వచ్చేయండి. జనవరి 26 జెండా వందనం ఏడున్నరకి, మధురవాడ బస్సు పావుగంట ముందు బయల్దేరుతుంది. జాతీయ గీతం 52 సెకన్లే, ఆ కాసేపూ ఫోన్లు జేబుల్లోనే ఉండనివ్వండి.

వచ్చే శ్రీపంచమికి ఫోన్లు ఆఫీసులో ఇచ్చి రావాలి. డ్రాయింగ్ మాస్టారు దూరం నుంచి ఫ్లాష్ లేకుండా ప్రతి కుటుంబానికీ రెండేసి ఫోటోలు తీసి ఇస్తారు.

నిన్న ఏడ్చిన నలుగురు పిల్లలకీ గురువారం ఉదయం ఎనిమిదింటికి, ప్రేయర్‌కి ముందు, మళ్లీ దిద్దిస్తాం. ముహూర్తం సంగతి పంతులుగారిని అడిగాను. అక్షరాభ్యాసం నిన్ననే అయింది, ఇది దిద్దించడం మాత్రమే, ఏ దోషమూ లేదన్నారు. బియ్యం, పలకలు బడివే. నాయనమ్మలని, తాతయ్యలని తీసుకురండి. భీమిలి నాయనమ్మగారిని మాత్రం తప్పకుండా తీసుకురమ్మని వాళ్లబ్బాయికి నా మనవి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు
విశాఖపట్నం, 24 జనవరి 2026