సముద్రం ఒడ్డున రాత్రికి బండి ఎక్కడ ఆపమంటారు? పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి కందుల దుర్గేష్ గారికి,

నమస్కారమండి. మాది తెనాలి. పందొమ్మిదేళ్ళుగా టెంపో ట్రావెలర్ తోలుతున్నాను. మొదట్లో జీతానికి, తర్వాత అప్పు చేసి కొన్న సొంత బండి మీద. ఈమధ్య హైదరాబాద్ నుంచి వచ్చే, లోపలే పడుకుని వండుకునే ఏర్పాటున్న కారవాన్‌లకు కూడా డ్రైవర్‌గా పిలుస్తున్నారు. కారవాన్‌ల గురించి, వాటి కోసం పార్కుల గురించి మీ ప్రభుత్వం ఉత్సాహంగా ఉందని పేపర్లో చదివి, ఒక్క విషయం మీ చెవిన వేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ విషయం రాత్రి. పగలు మా బండి ఎక్కడైనా ఆగుతుంది. రాత్రి ఆపడానికి మన తీరంలో చోటు లేదు.

మొన్న కార్తీకంలో జరిగింది చెబుతాను. ఖమ్మం వైపు నుంచి పదిహేడు మందిని ఎక్కించుకుని బయల్దేరాం. అందరూ దగ్గరి చుట్టాలే, సగం మంది అరవై దాటినవాళ్ళు. పౌర్ణమి తెల్లవారుజామున సముద్ర స్నానం చెయ్యాలని వాళ్ళ మొక్కు. ముందురోజు రాత్రే ఒడ్డుకి చేరాం. ఊళ్ళో ఉన్న నాలుగు లాడ్జీలూ నిండిపోయాయి. ఖాళీగా ఉన్నా పదిహేడు మందికి గదులు తీసుకునే స్తోమత వాళ్ళకి లేదు. అందుకే కదండీ, బియ్యం, పప్పు, గ్యాస్ బండ వేసుకుని వచ్చింది. సరుగుడు తోపు పక్కన బండి పెట్టి, పులిహోర తిని పడుకున్నాం. పన్నెండున్నరకి ఎవరో తలుపు దబదబా కొట్టారు. కానిస్టేబుల్ గారు. రాత్రిపూట ఇక్కడ ఉండకూడదు, తీసేయమన్నారు. ఎక్కడ పెట్టుకోమంటారు సార్ అని అడిగాను. "అది నాకు తెలీదయ్యా. ఇక్కడైతే వద్దు" అన్నారు.

ఆయన తప్పేమీ లేదు. చీకట్లో ఎవరో నీళ్ళలోకి దిగి కొట్టుకుపోతే తెల్లారి సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే. కానీ నేను పొద్దున ఆరింటి నుంచి స్టీరింగ్ మీద ఉన్నవాణ్ణి. మళ్ళీ బండి తీసి 216వ జాతీయ రహదారి ఎక్కాను. పది నిమిషాలు వెళ్ళానో లేదో, రెప్ప పడింది. ఎదురుగా రొయ్యల లారీ హారన్ కొడితే మెలకువ వచ్చింది. వెనకాల పదిహేడు మందీ నిద్రలోనే ఉన్నారు. వాళ్ళకి ఇవాళ్టికీ తెలీదు. ఆ రాత్రి ఒక పెట్రోల్ బంకు పక్కన ఆగి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని తెల్లవారే దాకా కూర్చున్నాను. అక్కడ బాత్రూముకి తాళం వేసి ఉంది. ఆడవాళ్ళు వెలుగు రాకముందే ఎటువైపు వెళ్ళారో నేను రాయనక్కర్లేదు.

అయ్యా, కారవాన్ అంటే డబ్బున్నవాళ్ళ సరదా అనుకునేవాళ్ళున్నారు. బండిలోనే వంట సామాను పెట్టుకుని, బండిలోనో బండి పక్కనో పడుకుని ఊళ్ళు తిరగడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. పంచారామాలు, అంతర్వేది, మంగినపూడి, హంసలదీవి అంటూ తిరిగే యాత్ర బస్సులు ఎన్నాళ్ళ నుంచో ఇదే పని చేస్తున్నాయి. నిజమైన కారవాన్‌లో లోపలే మరుగుదొడ్డి, నీళ్ళ ట్యాంకు ఉంటాయి. యాత్ర బస్సులో ఒక పరదా, రెండు బిందెలు, ఒక వంట మాస్టరు ఉంటారు. అంతే తేడా. మీ విధానం తెల్లగా మెరిసే కారవాన్‌లకు మాత్రమే పార్కు కట్టి, ఈ బస్సుల్ని రోడ్డు మీద వదిలేస్తే, సమస్య ఎక్కడుందో అక్కడే ఉండిపోతుంది. ఎందుకంటే వచ్చే బళ్ళలో నూటికి తొంభై తొమ్మిది అవే. ఇది లెక్క కట్టి చెబుతున్నది కాదు, ప్రతి పున్నమికీ ఒడ్డున నా కళ్ళతో చూస్తున్నది.

మా వైపు తప్పు కూడా దాచను. బాపట్ల జిల్లాలో ఒక పల్లె దగ్గర ఆగిన మర్నాడు, తెల్లారగట్ల బిందె పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. వేటకి వెళ్ళే ఇంటి మనిషి. మా బండి చుట్టూ చూసింది. విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు, అన్నం గంజి పోసిన గుంట, కొంచెం అవతల అంతకన్నా చెడ్డవి. ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదేమో. "బాబూ, ఇది మేం వలలు ఆరేసుకునే చోటు. మీ సీసా పెంకు వలలో పడితే వల పోద్ది, కాల్లో దిగితే మనిషి మంచాన పడతాడు. మీ వాకిట్లో మేం వచ్చి ఇట్టా చేత్తే ఊరుకుంటారా?" అంది. నాకు నోట మాట రాలేదు. చీపురు అడిగి తీసుకుని, మా వాళ్ళు ఇద్దరితో కలిసి ఊడ్చాను. అయితే ఊడ్చి మూట కట్టిన చెత్తని ఎక్కడ వెయ్యాలి? కుండీ లేదు. మూట బండి మీద వేసుకుని చీరాల దాకా మోసుకొచ్చాను.

అప్పటి నుంచీ నాకొక సంగతి అర్థమైంది. చోటు ఇవ్వకపోతే జనం రావడం మానరు, చోటు లేని చోట ఆగుతారు. ఇసుక దిబ్బల మీద, తోపుల్లో, పడవలు లాగే దారిలో, వలలు ఆరే చోట. పోలీసులు ఒకచోట లేపితే నాలుగు కిలోమీటర్ల అవతల ఇంకో పల్లె వాకిట్లో తేలతాం. 2022లో గోవా ప్రభుత్వం పర్యాటక ప్రాంతాల్లో ఆరుబయట వంట చేస్తే జరిమానా వేస్తామని ఉత్తర్వు ఇచ్చింది. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ వంట చేసుకునే చోటు చూపించకుండా జరిమానా ఒక్కటే పెడితే, పొయ్యి ఆరిపోదు, చాటుకి పోతుంది.

నేను అడుగుతున్నది రిసార్టు కాదు. ఊరికి ఆనుకుని, రోడ్డు పక్కన, ఒక ఎకరం చదును నేల. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనల ప్రకారం, జనం పలచగా ఉండే గ్రామీణ తీరంలో పోటు గీత (పోటు సమయంలో నీళ్ళు వచ్చే హద్దు) నుంచి 200 మీటర్ల లోపల కట్టడాలు కుదరవని మా పంచాయతీ కార్యదర్శి గారు చెప్పారు. మంచిదే. మాకు అలల పక్కన పడుకోవాలని లేదు. ఆ 200 మీటర్ల అవతలే ఇవ్వండి. పొద్దున్నే నడిచి వెళ్తాం, నడవలేని పెద్దవాళ్ళు ఊరి ఆటో ఎక్కుతారు, ఆ ఆటో అబ్బాయికి నాలుగు డబ్బులు వస్తాయి. ఎకరంలో ఇరవై బళ్ళు ఇబ్బంది లేకుండా పడతాయి. బండికీ బండికీ మధ్య ఎడం ఉండాలి. ఎందుకంటే గ్యాస్ బండలు ఉంటాయి, ఒకదానికి అంటుకుంటే పక్కదానికి పాకకూడదు. వంటకి ఒక వైపు రేకుల షెడ్డు, సిమెంటు గట్టు, ఇసుక బకెట్లు. మంచి నీళ్ళ కుళాయి. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరుగా, లోపల గడియ పడే మరుగుదొడ్లు. కారవాన్‌ల మరుగు ట్యాంకు ఖాళీ చేయడానికి మూత ఉన్న గుంట, దాని కింద సెప్టిక్ ట్యాంకు.

ఈ చివరి దాని గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే కారవాన్ తోలేవాణ్ణిగా నాకు ఎక్కువ సిగ్గు కలిగించేది ఇదే. నాలుగు రోజుల ట్రిప్పులో ఆ ట్యాంకు కనీసం ఒక్కసారైనా నిండుతుంది. నిండాక ఎక్కడ వదలాలి? చోటు లేక రాత్రిపూట కాలవ గట్టున మీట తిప్పేసే డ్రైవర్లు ఉన్నారు. ఆ కాలవ నీళ్ళు ఎవరి చెరువులోకి వెళ్తాయో వాళ్ళకి తెలీదు. నరసాపురంలో మలవ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంది. అలాంటివి దగ్గరున్న చోట, పార్కింగ్ గుంట నిండగానే ట్యాంకర్ వచ్చి తీసుకెళ్ళే ఏర్పాటు చెయ్యండి. కారవాన్ కొనడానికి రాయితీ ఇవ్వాలనుకుంటే ముందు ఈ గుంట తవ్వించి, ఆ తర్వాత ఇవ్వండి.

మా అక్క కొడుకు ఆక్లండ్‌లో ఉంటాడు. న్యూజిలాండ్‌లో 2011లోనే దీనికో చట్టం చేశారట. ఎక్కడ రాత్రి ఉండొచ్చో ఎక్కడ కూడదో అక్కడి స్థానిక సంస్థలు నిర్ణయించుకోవచ్చు. 2023లో ఇంకా బిగించి, నీళ్ళు, మరుగు అన్నీ బండిలోనే ఉన్న 'స్వయం సమృద్ధ వాహనం' అన్న గుర్తింపు కావాలంటే మరుగుదొడ్డి బండికి బిగించే ఉండాలన్నారు. అంత దూరం ఎందుకు, మన కేంద్ర పర్యాటక శాఖ కారవాన్ పార్కుల విధానం తెచ్చింది 2009లో. కేరళ 2021లో సొంత విధానంతో ముందుకు వచ్చింది. మనకి మొన్నటి దాకా 974 కిలోమీటర్లు అని బడిలో చెప్పిన తీరం, కొత్త కొలతల్లో 1,053 కిలోమీటర్లు అయింది. కొలత పెరిగింది, ఆగే చోటు పెరగలేదు.

ఇప్పుడు అసలు మాట. ఈ చోటు ఎవరు నడపాలి? దయచేసి వేలంపాట పెట్టకండి. పార్కింగ్ పాట పాడినవాడు మొదటి నెలలోనే పాట డబ్బు రాబట్టుకోవాలని చూస్తాడు. రసీదు మీద ఒక రేటు, నోటితో ఒక రేటు. మరుగుదొడ్డి కడగడానికి మనిషిని పెట్టడు. దీన్ని ఆ పల్లె మత్స్యకారుల సహకార సంఘానికీ, డ్వాక్రా మహిళలకీ ఇవ్వండి. ట్రావెలర్‌కి రాత్రికి 300, బస్సుకి 500, కారుకి 150 పెట్టినా మావాళ్ళు ఆనందంగా ఇస్తారు. లాడ్జిలో ఒక్క గది అద్దెలో ఎన్నో వంతు అది! ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చే 20 వేలతో ఆ రెండు నెలలు ఇల్లు గడవాలి. సరిగ్గా ఆ రోజులే బడులకు వేసవి సెలవులు. పిల్లల్ని తీసుకుని జనం సముద్రానికి వచ్చేది అప్పుడే. వేట లేని రోజుల్లో ఆ ఇళ్ళకి ఈ పార్కింగ్ డబ్బు, కాస్త చేపల పులుసు అమ్ముకుంటే వచ్చే డబ్బు చేరితే ఎంత ఊరటో, నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ రోజు చీపురు ఇచ్చిన పెద్దావిడ చేతిలో రసీదు పుస్తకం ఉండాలని నా కోరిక. ఆవిడ మాట ఎవరూ జవదాటరు.

రిజిస్టరు పెట్టించండి. బండి నంబరు, డ్రైవర్ ఫోను, ఎంతమంది ఉన్నారో. ఇది పోలీసుల కోసం మాత్రమే కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది కార్తీక మాసం. 1977 నవంబరు 19న దివిసీమని ముంచిన ఉప్పెనా కార్తీకంలోనే. మన జనం తీరానికి ఎక్కువగా వచ్చే నెలా, తుఫానులు వచ్చే నెలా ఒకటే అయ్యాయి. హెచ్చరిక రాగానే ఒక్కో డ్రైవర్‌కి ఫోన్ చేసి గంటలో చోటు ఖాళీ చేయించొచ్చు. తోపుల్లో చెల్లాచెదురుగా పడుకున్నవాళ్ళని ఎవరు వెతుకుతారు?

దీపాల సంగతి కూడా గుర్తుంచుకోండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. కృష్ణా ముఖద్వారం దగ్గర అటవీ శాఖ వాళ్ళు ఆ గుడ్లు జాగ్రత్తగా పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదలడం నేను చూశాను. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగున్న వైపు నడుస్తుంది. మా హెడ్‌లైట్ చూసి రోడ్డు వైపు వస్తే దాని బతుకు అక్కడితో సరి. మాఘ పౌర్ణమి స్నానాలు పడేదీ అదే కాలంలో. అందుకని పార్కింగ్‌లో సముద్రం వైపు వెలుగు పడని చిన్న దీపాలు చాలు, రాత్రి పది తర్వాత పాటలు, హెడ్‌లైట్లు బంద్ అని బోర్డు పెట్టండి. పాటించని బండిని ఆ ఏడాదంతా రానివ్వకండి. డ్రైవర్లం మేమే ముందు ఒప్పుకుంటాం.

అన్ని చోట్లా ఒకేసారి పెట్టమని అడగను. సూర్యలంక, మంగినపూడి, అంతర్వేది, కళింగపట్నం, ఈ నాలుగు చోట్ల ఒక్క ఏడాది నడిపి చూడండి. వీటిలో ఒకదానికి మీ నియోజకవర్గం నిడదవోలు వాళ్ళు కూడా బళ్ళు కట్టుకుని వెళ్తూనే ఉంటారు. స్థలం చూడటానికి మీ అధికారులు వస్తే నేను బండి తీసుకుని వెంట వస్తాను, డీజిల్ నాదే. ఏ మలుపులో బస్సు తిరగదో, ఏ నేల వానకి బురదై చక్రం దిగబడుతుందో చూపిస్తాను.

ఈ మాఘ పౌర్ణమికి హంసలదీవికి బండి మాట్లాడుకున్నారు. పద్నాలుగు మంది, అందులో ఒక చూలాలు ఉంది. ముందురోజు సాయంత్రానికే చేరాలట. రాత్రి ఎక్కడ ఆగుతాం అన్నా అని నిన్న ఫోన్లో అడిగారు. మళ్ళీ చెబుతానన్నాను.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక ట్రావెలర్ డ్రైవర్