పెన్నలో కాలు పెట్టేదెట్లా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా నాన్న సంవత్సరీకానికి రంగనాయకుల గుడి దగ్గర పెన్న ఒడ్డుకు వెళ్లాం. పిండాలు వదలడానికి మోకాలి లోతు నీళ్లు చాలు. కానీ దిగడానికి మనసు రాలేదు. ఒడ్డునంటుకుని నల్లటి నురగ, అందులో ప్లాస్టిక్ గ్లాసులు, కోడి ఈకలు, ఎవరో వదిలేసిన దేవుడి పటం. పది అడుగుల అవతల మురుగు కాలువ ఒకటి నేరుగా నదిలో కలుస్తోంది. పంతులుగారు బిందెలో తెచ్చుకున్న బోరు నీళ్లతోనే కానిచ్చారు.

నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారే నది ఇది. ఎగువన సోమశిలలో 78 టీఎంసీలు పట్టే జలాశయం ఉంది. అక్కడ నీళ్లు వదలని ఎండాకాలంలో మన దగ్గర ప్రవాహం సన్నగిల్లుతుంది, మురుగు మాత్రం తగ్గదు. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. ఉన్న కాస్తా మురుగు కుళ్లడానికే పోతే చేపలు బతికేదెట్లా? నీటిని వడకట్టే ఇసుకనేమో లారీలకెత్తుతున్నాం.

నదుల్లో మురుగు కలపకూడదని 1974లోనే చట్టం వచ్చింది. ఆ కాలువ గురించి ఒక ఆఫీసులో అడిగితే, "మురుగు శుద్ధి ప్లాంటు వస్తుంది లెండి" అన్నారు. నేను రెండేళ్ల కిందట అడిగినప్పుడూ అదే మాట. (మనిషి మారాడు, మాట మారలేదు.)

ప్లాంటు వచ్చేలోగా కాలువ మూతికి జాలీ అయినా బిగించండి. నీటి పరీక్షల ఫలితాలు నెలనెలా ఘాట్ దగ్గర బోర్డు మీద రాయండి. కార్తీకంలో మునిగే ముందు జనం చూసుకుంటారు.

– ఒక పాఠకుడు, రంగనాయకులపేట, నెల్లూరు